జెండా పెద్దాయన చూపు

ఆ సరస్సు దగ్గర సెలవులకు వచ్చినవాళ్లూ, పడవలు నడిపేవాళ్లూ కలిసికట్టుగా తిట్టుకునే మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన్ని పేరు పెట్టి ఎవరూ పిలవరు. జెండా పెద్దాయన అంటారు. పడవల రేవు చివర ఒక ఇనుప స్తంభం, దాని పక్కన చెక్క బెంచీ, బెంచీ మీద మడత పెట్టిన కంబళి, కంబళి మీద ఆయన. పొద్దున్నుంచీ స్తంభం మీద పచ్చజెండా ఎగురుతుంటుంది. ఆయన లేచి దాన్ని దించి, ఎర్రది ఎక్కించి, మెడలోని ఈల ఊదాడంటే సరస్సు మీదున్న ప్రతి పడవా మూతి తిప్పుకుని ఒడ్డుకు రావాల్సిందే. ఎక్కినవాళ్లు ఎంతటివాళ్లయినా సరే. ఆ రోజుకిక బేరాల్లేవు.

తిట్లు ఎందుకంటే, ఆయన ఎర్రజెండా ఎత్తే సమయానికి ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండదు. నీళ్లు అద్దంలా ఉంటాయి. "ఇంత ఎండలో గాలివానేంటండీ, ఆటలా?" అని ఎవరో ఒకరు అనకుండా ఉండరు. ఆయన బదులు చెప్పడు. కాసేపటికి ఉత్తరం వైపు రెండు కొండల మధ్య సందులోంచి గాలి దిగుతుంది. అప్పటిదాకా అద్దంలా ఉన్న నీరు తిరగలిలో పడ్డట్టు అయిపోతుంది. మధ్యాహ్నానికి కొండవాలులు వేడెక్కి గాలి పైకి లేస్తే, అవతలి లోయలోని చల్లగాలి ఆ సందులోంచి ఇటు దూసుకొస్తుంది. నేను చదువుకున్న పాఠమే అది. ఆయన మాటల్లో అయితే, "కొండ ఊపిరి పీలుస్తుందమ్మా."

ఆయనతో నాకు పరిచయం ఎలా అయిందంటే, నా పిరికితనం వల్ల. పాప పుట్టినప్పటినుంచి నేను ప్రతిదానికీ భయపడతాను. గొంతులో మెతుకు అడ్డం పడితే ఏం చెయ్యాలో వీడియోలు చూసి, బొమ్మ మీద సాధన చేసినదాన్ని. మా ఆయన నాకు పూర్తిగా వ్యతిరేకం. కొండ కనిపిస్తే ఎక్కాలి, తాడు కనిపిస్తే జారాలి. సెలవులకు ఆ సరస్సు ఎంచుకున్నదే ఆయన. వచ్చిన రోజే నాతో ఒప్పందం చేసుకున్నాడు: "నువ్వు ఒడ్డున కూర్చుని మా ఇద్దరి తరఫునా భయపడు. మేం వెళ్లి నీ తరఫున కూడా సరదాపడతాం. పని పంచుకున్నట్టుంటుంది."

అలా నేను రోజూ పెద్దాయన బెంచీ మీద తేలేదాన్ని.

"మీరు ఎక్కరామ్మా?" అని అడిగాడు మొదటిరోజు.

"నాకు భయమండీ."

"మంచిదే. భయపడేవాళ్లు ఒకరు ఒడ్డునుండాలి. నాకు జీతమిచ్చేది అందుకే కదా." బెంచీ మీద కంబళి కొంచెం నా వైపు జరిపాడు.

ఆయన తండ్రిది తెడ్డు పడవ. ఆయనదీ అదే. మోకాలు పట్టేశాక, కూర్చుని చేసే పని ఇదొక్కటే ఉందని రేవు మేనేజరు ఈ స్తంభం అప్పజెప్పాడు. అప్పటినుంచి పడవలవాళ్లతో రోజూ తగువే. మోటారు పడవ నడిపే బొజ్జమనిషి ఒకడున్నాడు, వాగుడుకాయ అంటారు. పడవ ఒడ్డుకు ఆనించకముందే నోరు ఆనిస్తాడు.

"బాబాయ్, ఈ పూటకి మా కడుపు కొట్టకు. ఇంకొక్క ట్రిప్పు తిరిగొస్తా."

"నీ కడుపు ఎవరు కొట్టగలర్రా? నా చెయ్యే నొప్పెడుతుంది."

అందరూ నవ్వేవారు. ట్రిప్పు మాత్రం దొరికేది కాదు. పెళ్లయిన కొత్తలో ఆయన అల్లుడు వచ్చి, స్నేహితులతో సరస్సు ఆ చివరికి వెళ్లి, జలపాతం కింద ఫోటోలు దిగుతుంటే పెద్దాయన ఈల ఊదాడట. అల్లుడు తడిసిన బట్టల్లోనే ఒడ్డెక్కి, స్నేహితుల ముందు తల తీసేసినంత పని చేశారని అలిగి, అన్నం కూడా తినకుండా బస్సెక్కాడట. ఆ తర్వాత అతను మళ్లీ ఆ ఊరు రాలేదు. కూతురే ఏటా సెలవులకు పిల్లని తీసుకుని వస్తుంది.

"అల్లుడికైనా ఒక్క నిమిషం ఆగాల్సింది బాబాయ్," అని వాగుడుకాయ ఇప్పటికీ దెప్పుతాడు.

"ఒక్కడికి ఆగితే అది జెండా కాదురా, రుమాలు."

ఆ మనవరాల్ని ఊళ్లో అందరూ పిచ్చుక అంటారు. మా పాపకంటే రెండేళ్లు పెద్దదేమో. నీళ్లంటే ప్రాణం పోయేంత భయం. సరస్సులో పుట్టి పెరిగిన తాతకి, పాదం తడవనివ్వని మనవరాలు. పెద్దాయన దాన్ని ఎప్పుడూ బలవంతం చెయ్యలేదు. రేవు చెక్కల మీద అది ఎంతవరకు వస్తే అంతవరకే. ఆ సెలవుల్లో మా పాప దానికి జతకూడింది. "నేను రోజూ వెళ్తున్నా, నాకేం కాలేదు చూడు," అని మా బుడంకాయ గొప్పలు పోతుంటే, పిచ్చుకకి రోషం వచ్చింది. ఒకరోజు కయాక్‌లో కూర్చుంది. ఒక్కరే కూర్చుని రెండు వైపులా తెడ్డు వేసే సన్నటి పడవ అది. దాని ముక్కుకి తాడు కట్టి, రెండో కొస తన బెంచీ కాలికి కట్టాడు పెద్దాయన. రేవు పక్కనే తాడు పొడవునా అటూ ఇటూ తిరిగింది పిచ్చుక, మేకపిల్లలా.

"ఏం తాతయ్యవండీ, మనవరాలిని కట్టేశారు," అన్నాన్నేను.

"దాన్ని కాదమ్మా కట్టింది. దాని భయాన్ని."

పెద్దాయన కూతురు మెట్ల మీద కూర్చుని చూస్తుండేది. ఆమెకీ నాలాగే కంగారెక్కువ. కానీ పిల్ల నీళ్లలో ఉన్నంతసేపూ ఒక్క మాట అనేది కాదు. వాళ్లాయన ఫోన్ చేస్తే, "అది పడవెక్కింది తెలుసా?" అని గొంతు తగ్గించి చెప్పేది, ఎవరైనా వింటే దిష్టి తగులుతుందేమోనన్నట్టు.

ఇక ఆ రోజు సంగతి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆయన, పాప తొక్కుడు పడవ తీసుకుని జలపాతం చూడటానికి సరస్సు ఆ చివరికి వెళ్లారు. పసుపు రంగు పడవ. లైఫ్ జాకెట్ల పట్టీలు నేనే రెండుసార్లు లాగి చూసి పంపాను. వాళ్లు అటు వెళ్లగానే పిచ్చుక తాత దగ్గరికొచ్చింది.

"తాతయ్యా, తాడు విప్పేయ్."

పెద్దాయన దాని మొహంలోకి చూశాడు. "ఎందాకా వెళ్తావ్?"

"ఆ డ్రమ్ము చుట్టూ తిరిగొస్తా." రేవుకి కొద్ది దూరంలో నీళ్ల మీద నారింజ రంగు డ్రమ్ము ఒకటి తేలుతుంటుంది. కొత్తవాళ్లకి హద్దు అది.

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే. నువ్వు చూస్తుండు, అంతే."

ఆయన వంగి ముడి విప్పాడు. మోకాలు నొప్పి కూడా మర్చిపోయినట్టున్నాడు. పిచ్చుక వెళ్లింది. మొదట రెండుసార్లు గుండ్రంగా తిరిగింది, తర్వాత దారిలో పడింది. మెట్ల మీదినుంచి కూతురు లేచి నిలబడింది. నేనూ నిలబడ్డాను. సగం దూరం వెళ్లాక పిచ్చుక తెడ్డు పైకెత్తి, "తాతయ్యా, చూస్తున్నావా?" అని అరిచింది.

ఆ క్షణంలో పెద్దాయన చూస్తున్నది దాన్ని కాదు. కొండల మధ్య సందు వైపు చూస్తున్నాడు. ఆయన చెయ్యి స్తంభానికున్న తాడు మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. మళ్లీ కిందికి దిగింది. "చూస్తున్నానే!" అని గట్టిగా అరిచాడు. ఇదంతా నా పక్కనే జరిగింది. నేను చప్పట్లు కొడుతున్నాను.

పిచ్చుక డ్రమ్ము చుట్టూ తిరిగి వచ్చింది. దాని పడవ రేవు చెక్కకి తగిలీ తగలకముందే పెద్దాయన ఎర్రజెండా లాగేశాడు. లాగుతూనే ఈల ఊదాడు. ఈల ఇంకా ఆయన నోట్లో ఉండగానే గాలి దిగింది.

తర్వాతిది నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఎగిరిపోయిన కంబళి. రేవు కింద చెక్కల్ని బాదుతున్న నీళ్లు. "వాగుడుకాయా, జలపాతం దగ్గర! పసుపు పడవ! బండల వైపు!" అని అరుస్తున్న పెద్దాయన. నోరు మెదపకుండా మోటారు పడవని ఉరికించిన వాగుడుకాయ.

పడవ బండలకి కొట్టుకుని బోల్తాపడింది. జాకెట్ల వల్ల ఇద్దరూ తేలారు. కానీ పడవ అంచుకీ బండకీ మధ్య పాప చెయ్యి నలిగింది. వాగుడుకాయ పాపని తన బొజ్జకి ఆనించుకుని, చొక్కా కప్పి తీసుకొచ్చాడు. నన్ను చూడగానే, "అమ్మా, నా చెప్పు పోయింది," అంది పాప. అప్పుడు ఏడిచాను.

ఊళ్లో ఉన్నది చిన్న ఆసుపత్రి. ఎముక విరిగిందన్నారు. కట్టు వేస్తామన్నారు. మా ఆయన్ని పాపతో లోపలికి పంపి, నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. మేనేజరు వచ్చి పరామర్శించి వెళ్లాడు. "ఇవాళ గాలి ముందే వచ్చేసిందండీ, ఎవరి తప్పూ కాదు. పెద్దాయన వెంటనే పడవ పంపాడు కాబట్టి సరిపోయింది," అన్నాడు. నేను తల ఊపాను. నిజమేననుకున్నాను.

అతను వెళ్లాక పెద్దాయన వచ్చాడు. ప్యాంటు మోకాళ్లదాకా తడిసే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పాపకి ఎలా ఉందమ్మా?"

"కట్టు వేస్తున్నారు. తగ్గిపోతుందట."

"గాలి ముందు రాలేదమ్మా," అన్నాడు. "రోజూ వచ్చినట్టే వచ్చింది. జెండానే ఆలస్యమైంది. నేనే ఆపాను."

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఎందుకు?"

"పిచ్చుక తిరిగొచ్చేదాకా. ఈల ఊదితే అది బెదిరిపోతుందనిపించింది. నడిమధ్యలో ఉంది. మళ్లీ జన్మలో తెడ్డు పట్టదనిపించింది. గాలి దిగేముందు సందు దగ్గర నీళ్లు నల్లబడతాయి. అది కనపడింది. అయినా ఆగాను."

"మా పాప అక్కడుందని మీకు తెలుసు కదా?"

"తెలుసు."

"గుర్తులేదేమో..."

"గుర్తుంది. కనపడుతోంది కూడా. పసుపు పడవ. మీ ఆయన తొక్కడం ఆపి ఫోటో తీస్తున్నాడు. పాప చెయ్యి నీళ్లలో పెట్టి ఆడుకుంటోంది."

"చూస్తూనే ఆగారా?"

"చూస్తూనే."

ఆయన అబద్ధం చెప్పి ఉంటే బాగుండుననిపించింది. కొట్టాలనిపించింది. ఎదురుగా తెల్లటి జుట్టుతో, తడి ప్యాంటుతో నిలబడ్డ మనిషిని ఏం చెయ్యాలో తెలియక, "మీరింక ఆ బెంచీ మీద కూర్చోకూడదు," అన్నాను.

"కూర్చోనమ్మా. మేనేజరుకి, పడవలవాళ్లకి అందరికీ చెప్పేస్తాను. ముందు మీకు చెప్పాలని వచ్చాను."

"నాన్నా!"

కూతురు ఎప్పుడు వచ్చిందో, వరండా గుమ్మంలో నిలబడి ఉంది. పరుగెత్తుకొచ్చినట్టుంది, మాట సరిగ్గా రావడం లేదు. "చెప్పకు నాన్నా."

"చెప్పకుండా ఎలా ఉండనే?"

"పిచ్చుక ఇంకా అక్కడ వాళ్ల నాన్నతో ఫోన్లో చెబుతూనే ఉంది. ఒక్కదాన్నే డ్రమ్ము చుట్టి వచ్చానని. నువ్వు నోరు విప్పితే రేపు పొద్దునకల్లా దాని చెవిలో పడుతుంది, నీ కోసం మీ తాత ఆగితే ఆ పిల్ల చెయ్యి విరిగిందట అని. ఎంతమంది నోళ్లు మూయిస్తావ్? ఆ వాగుడుకాయ ఒక్కడు చాలడా? అది ఎనిమిదేళ్ల పిల్ల నాన్నా. అంత బరువు ఎక్కడ పెట్టుకుంటుంది?"

"అది చేసిన తప్పేముంది? నాది కదా."

"దానికి అలా అర్థమవుతుందా? నీకైతే అయ్యేదా?"

ఆమె నా వైపు తిరిగింది. "అక్కా, నిన్ను అడిగే మొహం కాదు నాది. నాన్న తప్పుకుంటాడు, అది నేను చూసుకుంటాను. కారణం మాత్రం..."

అప్పుడే లోపలినుంచి మా పాప గొంతు వినిపించింది. "అమ్మా! పిచ్చుకక్క నీళ్లలో పడలేదు కదా?"

"లేదమ్మా," అన్నాను. "ముందే వచ్చేసింది."

ఆ మాట అన్నాక నేను వాళ్లిద్దరి వైపూ చూడలేకపోయాను. "నా నోటినుంచి బయటికి రాదు," అన్నాను. "కానీ మా ఆయనకి చెప్తాను. ఆయన దగ్గర దాచలేను."

గదికి వెళ్లాక చెప్పాను. అరుస్తాడనుకున్నాను. చాలాసేపు పాప చేతి కట్టు వైపు చూస్తూ కూర్చున్నాడు. "గాలి మొదలైనప్పుడు నేను ఫోన్ జేబులో పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నాను. అది తడుస్తుందని," అన్నాడు. అంతకుమించి ఆ విషయం మేం మాట్లాడుకోలేదు.

మర్నాడు పొద్దున మా పాప రేవు దగ్గరికి వెళ్తానని మారాం చేసింది, తన కట్టు పిచ్చుకకి చూపించాలట. తీసుకెళ్లాం. పడవలవాళ్లంతా అక్కడే ఉన్నారు. మేనేజరు పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి ఏదో మెచ్చుకుంటున్నాడు. పెద్దాయన ఆ చెయ్యి తీసేసి, మెడలోంచి ఈల తీసి బెంచీ మీద పెట్టాడు.

"నాకు చూపు ఆనడం లేదు," అన్నాడు. "చాన్నాళ్లయింది. చెప్పకుండా దాచాను. నిన్న నీళ్లు నల్లబడటం నాకు కనపడలేదు."

ఆయన తల ఎత్తలేదు. నేను ఆయన కూతురి వైపు చూశాను. ఈ మాట చెబుతాడని ఆమెకీ తెలియదని ఆమె మొహమే చెప్పింది.

వాగుడుకాయ ముందుకొచ్చాడు. "దాచావా బాబాయ్?" అన్నాడు మెల్లగా. "ఇన్నాళ్లూ నువ్వు చూస్తున్నావనే కదా మేం వెనక్కి చూసుకోకుండా తిరిగింది. గుడ్డిజెండా కిందా మేం తిరిగింది?"

"తప్పేరా."

"తప్పేంటి బాబాయ్ తప్పు! నిన్న ఆ పిల్ల నా చేతుల్లో వణికింది చలిజ్వరం వచ్చినట్టు. నీకు చెప్పడానికి నోరెందుకు రాలేదు? పరువా?"

"పరువే," అన్నాడు పెద్దాయన.

మేనేజరు కూడా రెండు మాటలన్నాడు, పెద్ద వయసని చూడకుండా. ఒకరిద్దరు పక్కకి తిరిగి ఇంకేదో అనుకున్నారు. అన్నిటికీ ఆయన తల ఊపాడు. చివరికి ఈల లైఫ్ జాకెట్లు ఇచ్చే ఆవిడ చేతికి వెళ్లింది. జనం చెదిరాక నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా అన్నాడు: "తిట్లయితే పడుతున్నాయమ్మా. కానీ అవి వేరే ఎవరికో పడుతున్నట్టున్నాయి."

నేనేం చెప్పను? ఒక్క మాటతో ఆ తిట్లని అసలు చోటికి మళ్లించగలిగినదాన్ని నేనే. మళ్లించలేదు. మంచి చేశానో, చెడు చేశానో ఇప్పటికీ తేల్చుకోలేదు.

పిచ్చుక పరుగెత్తుకొచ్చి తాత చెయ్యి పట్టుకుంది. తాతకి చూపు ఆనదని ఎవరో చెప్పేసినట్టున్నారు. దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి. "తాతయ్యా, ఇక్కడ మెట్టుంది, చూసి." పెద్దాయన కాలి వేళ్లతో మెట్టు తడిమి దిగాడు. ఆ మెట్లు ఆయన చిన్నప్పటినుంచి దిగుతున్నవే. కింది బల్ల మీద ఆయన్ని కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చుంది. మా పాప తన కట్టు చూపించింది. పిచ్చుక దాని మీద వేలితో మెల్లగా తట్టి, "నొప్పా?" అని అడిగింది.

"ఇవాళ పడవెక్కవా?" అంది పాప.

"ఊహూఁ. నేను వెళ్తే సరస్సులో ఏం జరుగుతోందో తాతయ్యకి ఎవరు చెప్తారు?"

పెద్దాయన మొహం అప్పుడు చూడలేకపోయాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. "నీళ్ల మీదినుంచే అరిచి చెప్పవే. నాకు చెవులు బాగానే పనిచేస్తున్నాయి."

ఎంతో బతిమాలాక మధ్యాహ్నానికి గానీ పిచ్చుక ఒప్పుకోలేదు. తాడు లేకుండానే వెళ్లింది. వెళ్తూ వెళ్తూ అరుస్తూనే ఉంది. "తాతయ్యా, నీలం పడవ ఒకటి అడ్డొచ్చింది! ... ఇప్పుడు పోయింది!" ఆయన మొహం కొంచెం పక్కకి తిప్పుకుని, చూపు ఆననివాళ్లు వినే తీరులో వింటున్నాడు. ఒక్కసారి కూడా నీళ్ల వైపు చూడలేదు. "ఎంత దూరం వెళ్లావే?" అని మాత్రం అడుగుతున్నాడు.

పిచ్చుక ఇంకా డ్రమ్ము చేరనేలేదు. జాకెట్ల ఆవిడ లేచింది. ఎర్రజెండా ఎక్కింది. ఈల మోగింది.

పెద్దాయన వేళ్లు బల్ల అంచుని పట్టుకున్నాయి.

పిచ్చుక బెదరలేదు. ఏడవలేదు. ఈల వైపు ఒకసారి చూసి, తెడ్డు ఒక పక్కగా వేసి, పడవ తిప్పుకుని వచ్చేసింది. రోజూ చేసే పనిలా, మామూలుగా. రేవెక్కి, చేతులు లంగాకి తుడుచుకుంటూ తాత దగ్గరికొచ్చింది.

"తాతయ్యా, ఎర్రజెండా ఎత్తారు. నీకు కనపడదు కదా, అందుకని చెప్తున్నా."

"మంచిది తల్లీ," అన్నాడు పెద్దాయన.